ఒక్క రోజు ఎప్‌కాట్: వెళ్ళాలా, వద్దా అని మా ఇంట్లో వేసుకున్న లెక్క

మా అమ్మానాన్నలు 2024 నవంబరు మొదటి వారంలో తెనాలి దగ్గరి మా ఊరి నుంచి అట్లాంటా వచ్చారు. ఏప్రిల్ మధ్యకు తిరుగు ప్రయాణం టికెట్లు ముందే తీసుకున్నాము. వాళ్ళు వచ్చిన నెల లోపే, మాకు తెలిసిన తెలుగు కుటుంబాల వాళ్ళందరూ ఒకటే ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. అమ్మానాన్నలను ఓర్లాండో తీసుకువెళ్ళారా? చలికాలం కనుక నయాగరా మాట ఎవరూ ఎత్తలేదు. ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ వినోద పార్కులు చూపించకుండా పంపితే ఏదో లోటు చేసినట్టే అందరూ మాట్లాడారు. మా అమ్మాయికి ఏడేళ్ళు. తరగతిలో సగం మంది పిల్లలు అక్కడికి వెళ్ళివచ్చిన వాళ్ళే కావడంతో ఆ ఊరి పేరు వింటేనే దాని కళ్ళు మెరిసేవి. మా బాబుకు అప్పటికి మూడేళ్ళు నిండలేదు.

మొదట నేను వేసిన ప్రణాళిక అందరూ వేసేదే. డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులు ఉన్నాయి. 1971 అక్టోబరులో మేజిక్ కింగ్‌డమ్‌తో మొదలై, 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలిచే పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ తెరిచారు. నాలుగు రోజులు, నాలుగు పార్కులు అనుకుని, మా ఆఫీసులో ఒక సహోద్యోగి ఇచ్చిన పట్టికలో అంకెలు నింపాను. టికెట్లకే 2,500 డాలర్లు దాటింది. బస, పెట్రోలు, పార్కింగ్, తిండి కలిపితే నాలుగు వేలు. మా వారు ఆ పట్టిక చూసి, ఇంత ఖర్చుకు ఎవరెవరికి ఏమి దక్కుతుందో తెలియకుండా తాను సరే అనలేనని అన్నారు. నాకు మొదట కోపం వచ్చింది గాని, ఆయన అడిగినదానికి నా దగ్గర సమాధానం లేదు.

నాన్న మాత్రం నేరుగా అడిగారు. "ఎంతవుతుందమ్మా? ఒక్క రోజుకు చెప్పు చాలు." అప్పటికి ఇంకా ఏ పార్కో తేల్చుకోలేదు. ఒక మామూలు పనిదినాన ఎప్‌కాట్ ప్రవేశ రుసుము పెద్దవారికి పన్నుతో కలిపి దాదాపు 160 డాలర్లు ఉంది. పదేళ్ళు నిండని పిల్లలకు నాలుగైదు డాలర్లు మాత్రమే తక్కువ. నలుగురు పెద్దలకు, మా అమ్మాయికి కలిపి 795 డాలర్లు. డాలరు 87 రూపాయల దగ్గర ఉన్న రోజులవి. నాన్న కవరు వెనక గుణించి 69 వేల రూపాయలని తేల్చారు. ఆ తర్వాత ఆయన ఆగలేదు. వరి కోసిన పొలంలో మేము మినుము వేస్తాము. ఆ ఏడు మినుముకు ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,400 రూపాయలు. అంటే తొమ్మిది క్వింటాళ్ళ పైమాటే. ఎంత మంచి కాపు వచ్చినా మా నేలలో ఎకరానికి ఏడెనిమిది క్వింటాళ్ళు దిగుతాయి. "ఎకరం చేనును ఒక్క పగలులో తినేస్తామన్న మాట" అన్నారు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. తన చేతికి తెలిసిన కొలతతో కొలిచి చూసుకున్నారు, అంతే. కాని ఆ మాట విన్న తర్వాత పట్టికలోని అంకెలను నేను మునుపటిలా చూడలేకపోయాను.

వెళ్ళకుండా ఉండిపోదామా అని రెండు రోజులు ఆలోచించాను. వద్దనడానికి కారణాలు చాలానే ఉన్నాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నాన్నకు మధుమేహం ఉండడం వల్ల భోజనం వేళ తప్పకూడదు. బాబుకు ఏదీ గుర్తుండే వయసు కాదు. వెళ్ళాలనడానికి నా దగ్గర ఉన్న కారణం ఒక్కటే. అమ్మ మోకాళ్ళు మరో రెండేళ్ళకు ఇప్పటిలా ఉండవు. ఆమె ఇంకోసారి ఇంత దూరం ప్రయాణం చేస్తుందన్న నమ్మకం నాకు లేదు. మనవరాలితో ఆమె ఒక పూర్తి రోజు బయట గడిపే అవకాశం ఈ చలికాలం దాటితే మళ్ళీ రాకపోవచ్చు. అందుకే లెక్కను తిరగవేశాను. ఎన్ని డాలర్లకు ఎన్ని రైడ్లు అన్న కొలత పక్కన పెట్టి, మా ఆరుగురిలో ఒక్కొక్కరు ఎన్ని గంటలు హాయిగా ఉండగలరు, ఆ గంటల్లో వారికి నచ్చేది అక్కడ ఏముంది అని రాసుకున్నాను.

దానికి ముందుగా కావలసింది అమ్మ నిజంగా ఎంత నడవగలదో తెలుసుకోవడం. అడిగితే ఎప్పుడూ "నాకేం, నడుస్తాను" అనే అంటుంది. జనవరిలో కాస్త ఎండ కాచిన ఒక శనివారం అందరం మా ఇంటికి దగ్గరలోని బిగ్ క్రీక్ గ్రీన్‌వే బాట మీదికి వెళ్ళాము. ఇది పరీక్ష అని ఆమెకు ముందే చెప్పాను, ఎందుకంటే చెప్పకుండా కొలవడం నాకు సబబు అనిపించలేదు. మొదటి నలభై నిమిషాలు మాతో సమానంగా నడిచింది. ఆ తర్వాత బల్ల కనిపించినచోటల్లా చూపు అటు వెళ్ళసాగింది. పావుగంట కూర్చోబెడితే మళ్ళీ అరగంట నడిచింది. మరోసారి కూర్చున్నాక ఇక లేవడానికి ఇబ్బంది పడింది. మొత్తం కలిపి మూడు మైళ్ళ లోపు. పార్కులో పగలంతా తిరిగి వచ్చిన స్నేహితుల ఫోన్లలో నేను చూసిన లెక్కలు ఏడెనిమిది మైళ్ళ పైన ఉన్నాయి. నాలుగు పార్కుల ప్రణాళిక ఆ సాయంత్రమే కొట్టేశాను.

రెండో కొలత ఎత్తుది. మా వంటగది తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు పెడుతూ ఉంటాము. అమ్మాయి 46 అంగుళాలు, బాబు 36 అంగుళాలు. డిస్నీ పార్కుల్లో వేగంగా తిరిగే రైడ్లకు కనీస ఎత్తు నిబంధన ఉంటుంది. 38, 40, 44 అంగుళాలు, కొన్నింటికి 48 వరకు కూడా ఉంది. చెప్పులలో దళసరి అట్టలు పెట్టి పిల్లలను ఎక్కించే తల్లిదండ్రుల గురించి విన్నాను. ఆ నిబంధన కుర్చీ కడ్డీ పిల్లవాడి ఒంటిని సరిగా పట్టి ఉంచడం కోసం పెట్టినది కనుక అటువంటి పని ఎవరూ చేయకూడదని నా గట్టి అభిప్రాయం. మా బాబు ఎత్తు నిబంధన లేని రైడ్లకే పరిమితం, అమ్మ కుదుపులు ఉన్నవి ఎక్కదు, నాన్నకు తలకిందులయ్యేవి వద్దని వైద్యులు ముందే చెప్పారు. ఆరుగురిలో ముగ్గురు ఎక్కలేని వాటి కోసం అందరికీ డబ్బు కట్టడం అర్థం లేని పని.

ఇక్కడే మా నిర్ణయం అందరి నిర్ణయం కంటే వేరైంది. పిల్లలతో మొదటిసారి వెళ్ళేవారు సాధారణంగా కోట ఉన్న మేజిక్ కింగ్‌డమ్‌కే వెళ్తారు. మా అమ్మాయి కోరుకున్నదీ అదే. కాని అక్కడికి సొంత కారులో వెళితే కారు ఆపిన చోటు నుంచి గేటు వరకు వెళ్ళడమే ఒక ప్రయాణం. ముందు టికెట్ల ప్రాంగణానికి చేరాలి, అక్కడి నుంచి మోనోరైలు గాని సరస్సు దాటే పడవ గాని ఎక్కాలి, సాయంత్రం అలసిపోయాక అదే దారిలో తిరిగి రావాలి. ఎప్‌కాట్‌లో కారు దిగి నేరుగా గేటుకు నడిచిపోవచ్చు. అదే రోజుకు టికెట్ ధర కూడా మనిషికి పది డాలర్ల పైగా తక్కువ. అంతకంటే ముఖ్యంగా ఎత్తు నిబంధన లేనివి, మెల్లగా సాగేవి, కూర్చుని చూసేవి అక్కడ ఎక్కువ. పెద్ద గోళంలోని స్పేస్‌షిప్ ఎర్త్, చేపల తొట్టెలున్న ది సీస్, మెక్సికో దేశం పేరిట కట్టిన మంటపంలోని పడవ, మా అమ్మాయికి ప్రాణమైన ఎల్సా ఉండే ఫ్రోజెన్ సినిమా పడవ, వీటిలో ఏ ఒక్కదానికీ ఎత్తు అడగరు. వాటిని చదువుతూ ఉండగా లివింగ్ విత్ ది ల్యాండ్ అనే పేరు దగ్గర ఆగిపోయాను. పడవలో కూర్చుని నిజమైన గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి పంటలు చూస్తూ వెళ్ళడం. నలభై అయిదేళ్ళు చేను చేసిన మనిషికి ఆ పార్కులన్నింటిలో ఇంతకంటే తగినది ఉంటుందని నేను అనుకోను. నాన్న కోసం ఉన్నది దొరకగానే నా మనసులోని ఊగిసలాట చాలా వరకు తీరింది.

మా అమ్మాయికి చెప్పడం కష్టమైంది. కోట ఈసారి లేదని, ఎల్సా ఉంటుందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అమ్మమ్మ అక్కడ నడవలేదా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. సరే అంది గాని, ఆ సరేలో దిగమింగుకున్నది ఎంతో నాకు తెలుసు.

తేదీ నిర్ణయించడంలో రెండు విషయాలు పనిచేశాయి. మూడేళ్ళు నిండని పిల్లలకు డిస్నీ పార్కుల్లో టికెట్ అక్కరలేదు. మా బాబు పుట్టినరోజు ఫిబ్రవరి నెలాఖరున. ఫిబ్రవరి మధ్యలో ప్రెసిడెంట్స్ డే సెలవు వస్తుంది, ఆ వారంలో జనమూ ధరలూ రెండూ పెరుగుతాయి. ఫ్లోరిడాలో వేసవి సెలవుల్లో అయితే మధ్యాహ్నపు ఎండ, సాయంకాలపు ఉరుముల వాన అమ్మకు భరించలేనివి. ఫిబ్రవరి 3, సోమవారం ఖాయం చేశాము. అమ్మాయి రెండు రోజులు బడి మానింది.

టికెట్లు కొనే ముందు మరొక సంగతి జరిగింది. ఒక సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. పార్కు టికెట్లు సగం కంటే తక్కువకు ఇస్తామని, బదులుగా భార్యాభర్తలిద్దరూ ఒక ఉదయం రెండు గంటలు తమ విడిది ఇళ్ళ గురించి చెప్పేది వింటే చాలని అన్నారు. నాలుగు వందల డాలర్లు మిగులుతాయి కదా అని నేను మెత్తబడ్డాను. మా వారు ఒప్పుకోలేదు. ఆయన స్నేహితుడు ఇటువంటి చోటికే రెండు గంటలని వెళ్ళి అయిదు గంటలు కూర్చున్నాడట. ఏటేటా రుసుము కట్టవలసిన ఒప్పందం మీద సంతకం పెట్టి, దాన్ని గడువు లోపల రద్దు చేసుకోవడానికి ఉత్తరాలు రాయవలసి వచ్చిందట. అమ్మానాన్నలను, పిల్లలను హోటలు గదిలో కూర్చోబెట్టి మేము అక్కడ ఒక పూట పోగొట్టుకుంటే మిగిలే డబ్బుకు విలువ ఏముంటుంది అన్నారు. ఆ మాట నిజమే. టికెట్లు నేరుగా పార్కు దగ్గరే కొన్నాము. క్యూ తగ్గించే లైట్నింగ్ లేన్ అనే అదనపు చెల్లింపు పెట్టుకోలేదు. 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో మొదలైనప్పుడు ఉచితంగా ఉన్న ఆ సౌకర్యం 2021 నుంచి డబ్బు కట్టి కొనవలసినదైంది. మేము ఎంచుకున్న వాటిలో ఫ్రోజెన్ తప్ప పెద్ద క్యూలు ఉండేవి లేవు కనుక మాకు దాని అవసరం కనిపించలేదు.

వీల్‌చెయిర్ విషయం నేను అనుకున్నదానికంటే సున్నితమైనదిగా తేలింది. పార్కు లోపల మామూలు వీల్‌చెయిర్ అద్దె అప్పట్లో రోజుకు 12 డాలర్లు. ఆ మాట ఎత్తగానే అమ్మ ముఖం మారిపోయింది. "నడవలేని దాన్నయితే తీసుకువెళ్ళడం దేనికి? ఇంట్లో ఉంటాను, మీరు వెళ్ళిరండి" అంది. ఆమె దృష్టిలో అది ఆసుపత్రి వస్తువు. పది మంది ముందు అందులో కూర్చోవడమంటే తన శక్తి అయిపోయిందని ఒప్పుకోవడం. నేను నచ్చచెప్పే కొద్దీ బిగుసుకుంది. చివరకు నాన్న, "సామాన్లు పెట్టుకోవడానికి తీసుకుందాం. ఎవరికి కాళ్ళు నొప్పి పుడితే వాళ్ళు కూర్చుంటాం. నేనూ కూర్చుంటాను" అన్నారు. ఆమె మారు మాట్లాడలేదు.

శనివారం తెల్లవారుజామున బయలుదేరి దాదాపు 470 మైళ్ళు ప్రయాణం చేసి, ఆగుతూ ఆగుతూ సాయంత్రానికి ఓర్లాండో దగ్గరి కిసిమీలో అద్దెకు తీసుకున్న చిన్న ఇంటికి చేరాము. వంటగది ఉన్న ఇల్లు కావాలని పట్టుబట్టినది అమ్మే. ఆదివారం కావాలనే ఖాళీగా ఉంచాము. కాసెల్‌బెర్రీలోని హిందూ దేవాలయానికి వెళ్ళివచ్చి మధ్యాహ్నమంతా పడుకున్నాము. తొమ్మిది గంటలు కారులో కూర్చున్న పెద్దవాళ్ళను మరునాడే పార్కుకు తీసుకువెళ్ళకపోవడం మేము చేసిన మంచి పనుల్లో ఒకటి.

బయటి తిండి లోపలికి అనుమతిస్తారని చాలామందికి తెలియదు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు తప్ప మన ఇంటి భోజనం తీసుకువెళ్ళవచ్చు. సోమవారం నాలుగున్నరకే లేచి అమ్మ పులిహోర కలిపింది, దద్దోజనం చేసింది, తెనాలి నుంచి తెచ్చిన చెక్కలు డబ్బాలో సర్దింది. నాన్న మాత్రలు, ఒక ఆపిల్ విడిగా నా సంచిలో పెట్టాను. ఎనిమిదింబావుకు పార్కింగ్‌లోకి వెళ్ళాము. గేటు దగ్గర సంచులు తనిఖీ చేసిన యువకుడు పులిహోర డబ్బా చూసి వాసన బాగుందని అన్నాడని మా అమ్మాయి అనువదించి చెప్పగానే, అమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

లోపలికి వెళ్ళగానే మేము విడిపోయాము. అందరూ కలిసే తిరగాలన్న పట్టుదల వదిలేయడం ముందే అనుకున్న పని. మా వారు, అమ్మాయి నేరుగా నార్వే మంటపంలోని ఫ్రోజెన్ వైపు వెళ్ళారు. అంత దూరం అమ్మను పొద్దున్నే నడిపించి, క్యూలో నిలబెట్టి ఉంటే ఆమె రోజు అక్కడే అయిపోయేది. నేను, అమ్మానాన్నలు, బాబు గోళంలోకి వెళ్ళాము. 180 అడుగుల ఎత్తున్న ఆ గోళం లోపల గుహల బొమ్మల నుంచి కంప్యూటరు దాకా మనుషులు మాట, రాత నేర్చిన కథ చూపిస్తూ బండ్లు మెల్లగా పైకి ఎక్కుతాయి. బండి ఆగకుండా కదులుతూనే ఉంటుంది, మనం కదిలే పట్టీ మీద నడుస్తూ ఎక్కాలి. అమ్మ అక్కడ వెనుకాడింది. సిబ్బందిలో ఒకామె ఆ తటపటాయింపు చూసి పట్టీని నెమ్మది చేయించింది. అడగవచ్చునని నాకు తెలియక నోరు తెరవలేదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారితో వెళ్ళేవారు ముందే చెప్పడం మంచిది.

తర్వాత ది సీస్. 57 లక్షల గ్యాలన్ల నీరున్న ఆ తొట్టె ముందు మా బాబు అద్దానికి రెండు చేతులూ ఆనించి దాదాపు గంటసేపు నిలబడ్డాడు. తాబేలు వచ్చినప్పుడల్లా తాతయ్యను పిలిచాడు. టికెట్ లేని వాడు పొందిన గంట అది. ఆ గంటలో అమ్మకు విశ్రాంతి దొరికింది. కాని బయటకు రాగానే ఆమె నడక మందగించింది. పదకొండు అవుతోంది. అప్పటిదాకా సంచులు మోసిన వీల్‌చెయిర్‌లో నాన్న ముందుగా కూర్చుని, "కాసేపు నన్ను తొయ్యండి" అన్నారు. నేను తోశాను. ల్యాండ్ మంటపం తలుపు దగ్గర లేచి, ఆయన ఏమీ అనకుండా కుర్చీని అమ్మ వైపు తిప్పారు. ఆమె కూర్చుంది. ఆ తర్వాత సాయంత్రం వరకు దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

లివింగ్ విత్ ది ల్యాండ్ దగ్గర మా వారు, అమ్మాయి కలిశారు. ఫ్రోజెన్‌కు ముప్పావుగంట పట్టిందట. పడవ పావుగంట లోపే తిరిగి వస్తుంది. మొదట అడవి, ఎడారి, మైదానం బొమ్మలు. ఆ తర్వాత తలుపు దాటితే ఎండ పడే నిజమైన గ్రీన్‌హౌస్. అరటి, బొప్పాయి, పనస కనిపించినప్పుడు నాన్న నాకు పేర్లు చెప్పారు, నాకు తెలియనట్టు. చేపల పెంపకం గది దాటాక మట్టి లేని పంటలు వచ్చాయి. వేళ్ళు గాలిలో వేలాడుతూ, మొక్కలు వరుసగా కదులుతూ వచ్చి నీటి తుంపర కింద నుంచి పోతున్నాయి. తీగలు తాళ్ళ మీద పైకి పాకుతున్నాయి. ఆయన మాట్లాడడం మానేశారు. ఇదే చోట ఒకే టమోటా మొక్క ఏడాదిలో 32 వేలకు పైగా కాయలు కాసి ప్రపంచ రికార్డు సాధించిందని నేను చదివినది చెప్పాను. "నీళ్ళు ఎంత పడుతున్నాయట? ఎరువు నీళ్ళలోనే కలుపుతారా? ఇక్కడ కాసినవి ఏం చేస్తారు?" అని వరుసగా అడిగారు. ఎరువు నీటిలోనే కరిగించి ఇస్తారని, కాసినవి పార్కులోని భోజనశాలలకు వెళ్తాయని చెప్పగలిగాను గాని నీటి లెక్క చెప్పలేకపోయాను. దిగగానే, "ఇంకోసారి వెళ్దామా?" అన్నారు. మా నాన్న నా చిన్నప్పటి నుంచి తనకోసం ఏదైనా అడిగిన సందర్భాలు నాకు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని గుర్తున్నాయి. ఇరవై నిమిషాలు క్యూలో నిలబడి మళ్ళీ ఎక్కాము. రెండోసారి ఫోన్‌లో తాళ్ళు కట్టిన పద్ధతి ఫోటోలు తీసుకున్నారు.

పన్నెండున్నరకు అదే మంటపం దిగువ అంతస్తులో బల్లల దగ్గర భోజనం చేశాము. చల్లని నీళ్ళు గ్లాసులలో ఉచితంగా ఇచ్చారు. తర్వాత అక్కడే ఉన్న సోరిన్. కుర్చీలు పైకి లేచి, పెద్ద తెర ముందు ఎగురుతున్నట్టు ఉంటుంది. దీనికి 40 అంగుళాలు కావాలి. నేను బాబుతో బయట ఉండిపోయాను. ఇటువంటప్పుడు రైడర్ స్విచ్ అని అడిగితే, మొదటి వారు తిరిగి వచ్చాక బయట ఉన్నవారు మళ్ళీ పూర్తి క్యూ నిలబడకుండా వెళ్ళవచ్చు, పైగా ఒకరిద్దరిని తోడు తీసుకోవచ్చు. అలా మా అమ్మాయి రెండుసార్లు ఎక్కింది. అమ్మ బయటకు వచ్చి, "తాజ్‌మహల్ మీదుగా పోయాం" అని చెప్పింది. కాళ్ళు వేలాడుతున్నప్పుడు నొప్పి తెలియలేదని కూడా అంది.

మధ్యాహ్నం ప్రపంచ దేశాల మంటపాల వైపు వెళ్ళాము. సరస్సు చుట్టూ పదకొండు దేశాలు, ఒక చుట్టు మైలుంబావు. మన దేశం లేదా అని అమ్మ అడిగింది. లేదు. మెక్సికోలో పడవ ఎక్కి, నార్వే, చైనా చూసి, జపాన్ కొలనులో చేపల దగ్గర కూర్చున్నాము. ఆ తర్వాతి మంటపాలకు వెళ్ళలేదు. అయిదున్నరకు అమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి, బాబు స్ట్రోలర్‌లో నిద్రపోయాడు.

ఆ రోజు తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా కష్టమైనది అప్పుడు వచ్చింది. రాత్రి తొమ్మిదికి సరస్సు మీద బాణసంచా ఉంది. అంత డబ్బు కట్టి అది చూడకుండా వెళ్ళడమా అని నాకు, మా అమ్మాయికి ఒకే ఆలోచన. మూడున్నర గంటలు ఎక్కడో కూర్చోబెడితే అమ్మ ఉండేది, కాదనేది కాదు. కాని కట్టిన డబ్బు ఉన్నా పోయినా తిరిగి రాదు, మిగిలిన మూడున్నర గంటలు ఎవరికి ఎలా గడుస్తాయన్నదే చూడాలి. మా వారు తాను, అమ్మాయి ఉండిపోతామని, మమ్మల్ని ఇంట్లో దింపి వస్తానని అన్నారు. పార్కింగ్ రుసుము ఆ రోజంతటికీ చెల్లుతుంది, టికెట్‌తో మళ్ళీ లోపలికి రావచ్చు. అలాగే చేశారు. వాళ్ళు పదిన్నరకు ఇంటికి వచ్చేసరికి అమ్మ కాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుని నిద్రపోయింది.

అట్లాంటా చేరాక ఖర్చు రాసుకున్నాను. టికెట్లు 795, పార్కింగ్ 30, మూడు రాత్రుల ఇల్లు 540, పెట్రోలు 110, వీల్‌చెయిర్ 12, ఐస్‌క్రీములు, మా అమ్మాయి కొనుక్కున్న ఎల్సా బొమ్మ, దారి ఖర్చులు మరో 75. మొత్తం 1,562 డాలర్లు. నాలుగు రోజుల ప్రణాళికలో సగం కంటే తక్కువ. మొదట వేసుకున్న నాలుగు పార్కులకు అమ్మానాన్నలతో వెళ్ళి ఉంటే నాలుగు వేలు దండగ అయ్యేవని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఈ ఒక్క రోజు విషయంలో మా వారు తన అభిప్రాయం మార్చుకున్నారు. నాన్నను నేను అడగలేదు. మార్చిలో ఒకరోజు మా పెరటి మెట్ల దగ్గర రెండు కర్రలు పాతి, పైన అడ్డకర్ర కట్టి, తాళ్ళు కిందికి వేలాడదీసి, కుండీలలో రెండు దోస మొక్కలు పెట్టారు. ఏప్రిల్‌లో ఆయన వెళ్ళేనాటికి తీగలు మోకాలెత్తు వచ్చాయి.

మా అమ్మాయి లెక్కలో కోట బాకీ అలాగే ఉంది. నేను దాన్ని మరిచిపోలేదు. వచ్చేసారి తనూ వాళ్ళ నాన్నా ఇద్దరే ఒక రోజు వెళ్తారా, లేక తమ్ముడు ఎత్తు అయ్యే వరకు ఆగి అందరం వెళ్దామా అని అడిగాను. ఆగుతానంది. పుట్టినరోజునాడు బాబు 36 అంగుళాలన్నర ఉన్నాడు. అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన వాడిని వంటగది తలుపుకు ఆనించి నిలబెట్టి, తలమీద పుస్తకం సమంగా పెట్టి, పెన్సిలుతో గీత తనే గీస్తోంది.